వ్యాక్యూమ్ పెడితే కోత తప్పనిసరా?

వరంగల్ అక్క:
మా చెల్లికి తొలి కాన్పు. చివర్లో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని వ్యాక్యూమ్ (బిడ్డ తలకు కప్పు అంటించి లాగే పరికరం) పెట్టి తీశారు. బిడ్డ క్షేమంగా ఉంది, ఆ విషయంలో డాక్టర్లకు దండం పెడతాను. నా కోపమల్లా ఒక్కటే, కింద కోత పెడుతున్నామని చెల్లికి ఒక్క మాట చెప్పలేదు. కుట్లు వేస్తుంటే తెలిసింది. అడిగితే సిస్టర్ గారు "వ్యాక్యూమ్ అంటే కోత ఉంటుందమ్మా, అందరికీ అంతే" అన్నారట. ఆనవాయితీగా అందరికీ ఎపిసియోటమీ (బిడ్డ బయటికి రావడానికి యోని ద్వారం దగ్గర పెట్టే ఈ కోత) చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది కదా? మరి మన దగ్గర ఇంకా ఎందుకు చేస్తున్నారు? ఈ కోత తల్లి మంచి కోసమా, పని త్వరగా తెమలడం కోసమా? తెలిసినవాళ్లు చెప్పండి.

లేబర్ రూమ్ డాక్టర్:
అక్కా, చెప్పకుండా కోయడం తప్పే. దాన్ని ఎవరు చేసినా నేను సమర్థించను. కానీ మీరు చెప్పిన 2018 సిఫార్సు దానంతట అది జరిగే కాన్పుల గురించి. వ్యాక్యూమ్, ఫోర్సెప్స్ (తలను పట్టి లాగే పటకారు లాంటి పరికరం) కాన్పుల సంగతి వేరు. తల మామూలుకంటే వేగంగా బయటికి వస్తుంది, పెరినియం (యోనికి, మలద్వారానికి మధ్య ఉండే భాగం) సాగడానికి టైమ్ ఉండదు. అప్పుడు చిరుగు కిందికి పాకి మలద్వారం చుట్టూ ఉండే బిగింపు కండరం దాకా వెళ్లొచ్చు. మేము భయపడేది దానికే. చర్మం, పైకండరం చిరిగితే కొన్ని వారాల్లో మానుతుంది. ఆ బిగింపు కండరం తెగితే గ్యాస్, మలం ఆపుకోలేక ఏళ్ల తరబడి బాధపడేవాళ్లున్నారు, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు.

2024లో బీఎంజే అనే వైద్య పత్రికలో స్వీడన్ పరిశోధన ఒకటి వచ్చింది. 8 ఆస్పత్రుల్లో వ్యాక్యూమ్ అవసరమైన 700 మందికి పైగా తొలిచూలు తల్లులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. పక్కకు కోత పెట్టిన గుంపులో 6 శాతం మందికి ఆ కండరం దెబ్బతింది, కోత పెట్టని గుంపులో 13 శాతం మందికి. సగానికి సగం తగ్గింది. కోత పెట్టినవాళ్లలో పుండు చీము పట్టడం, కుట్లు విడిపోవడం కాస్త ఎక్కువే, అదీ చెప్పాలి. కండరం తెగే ముప్పు, ఈ పుండు ఇబ్బందులు, రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలంటే, తొలి కాన్పులో వ్యాక్యూమ్ పడితే నేను కోత వైపే ఉంటాను.

కరీంనగర్ మిడ్‌వైఫ్:
డాక్టర్ గారూ, ఆ పరిశోధన నేనూ చదివాను. అందులో పెట్టిన కోత, మన లేబర్ రూముల్లో పెట్టే కోత ఒకటి కావు. వాళ్లు మధ్య గీత దగ్గర కాకుండా 1 నుంచి 3 సెంటీమీటర్లు పక్కన మొదలుపెట్టి, దాదాపు 60 డిగ్రీల వాలుగా, 4 సెంటీమీటర్లు కోశారు. మనవాళ్లు సరిగ్గా మధ్యలోంచి మొదలుపెట్టి, కత్తెర ఎటు తిరిగితే అటు కోసేస్తారు. బిడ్డ పుట్టాక చూస్తే కోత చివర మలద్వారానికి వేలెడు దూరంలో ఉంటుంది. కాపాడాల్సిన కండరం వైపే దారి చూపినట్టు కదా అది?

ఇంకోటి. తల ఇంకా పైన ఉండగానే, పెరినియం సాగకముందే కత్తెర పెట్టడం కళ్లారా చూస్తున్నాం. రక్తం పోతుంది తప్ప లాభం లేదు. ఆ స్వీడన్ లెక్కను చూపించి ఈ పాత అలవాటును వెనకేసుకు రావద్దని నా మనవి.

అసలు వ్యాక్యూమ్ దాకా రాకుండా చూసే మార్గాల గురించి ఎందుకు మాట్లాడరు? నొప్పుల్లో పక్కన ఒక మనిషి తోడుంటే, వెల్లకిలా పడుకోబెట్టకుండా లేచి కూర్చోనిస్తే పరికరాల అవసరం తగ్గుతుందని పరిశోధనలున్నాయి. ముక్కే సమయంలో పెరినియం మీద గోరువెచ్చని గుడ్డ పెడితే పెద్ద చిరుగులు తగ్గుతాయని కూడా. ఖర్చు లేని పని, ఎంతమంది చేస్తున్నారు?

గుంటూరు అమ్మమ్మ:
మా కాలంలో మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ నోరెత్తలేదు. నా కోడలికి మాత్రం ముందే చెప్పి చేశారు. కుట్లు దానికీ నొప్పి పెట్టాయి గానీ, తనకేం జరిగిందో తెలియదనే బాధ లేదు. వరంగల్ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయం ఉంది.

లేబర్ రూమ్ డాక్టర్:
మిడ్‌వైఫ్ గారు కోణం గురించి చెప్పింది అక్షరాలా నిజం. తల బయటికి నెట్టుకొచ్చి చర్మం ఉబ్బి ఉన్నప్పుడు 60 డిగ్రీలు కోస్తే, బిడ్డ పుట్టి చర్మం ముడుచుకున్నాక అది 45 డిగ్రీల దగ్గరికి వస్తుంది. 45 అనుకుని కోస్తే ఇంకా మధ్యకు జరిగిపోతుంది. కంటి అంచనా ఇక్కడ మోసం చేస్తుంది. అందుకే మా పీజీలకు కోత పెట్టే ముందు గ్లవ్ వేలితో గీత గీసి చూపించమంటాను.

గోరువెచ్చని గుడ్డ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. మంచిదే, కానీ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు దానికి టైమ్ ఎక్కడిది? ఆ క్షణంలో చేతిలో ఉన్న పని ఇంకొకటుంది. తల సగం వచ్చాక లాగడం తగ్గించి, "అమ్మా, ఇక ముక్కొద్దు, నోటితో గాలి వదులు" అని చెప్పి, ఒక చేత్తో తల వేగాన్ని ఆపుతూ రెండో చేత్తో పెరినియాన్ని అదిమి పట్టుకోవాలి. కోత పెట్టినా సరే, ఇది మానకూడదు.

ఇంకో మాట, చర్చలో ఎవరూ ఎత్తలేదు. పరికరంతో కాన్పు అయ్యాక ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇస్తే చాలా తేడా వస్తుంది. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో ఇన్ఫెక్షన్లు 19 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయి. కోత వల్ల చీము భయం ఉన్నవాళ్లు అడగాల్సింది ఇదే.

లీడ్స్ తెలుగు తల్లి:
నాకు ఇక్కడ ఫోర్సెప్స్ కాన్పు. కోత పెట్టారు, అయినా కండరం చిరిగింది. కోత పెడితే ఇక చిరగదని ఎవరూ ధీమాగా ఉండకండి. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ లెక్క ప్రకారం ఫోర్సెప్స్‌తో నూటికి 8 నుంచి 12 మందికి ఇలా జరుగుతుంది, వ్యాక్యూమ్‌తో అంతకంటే తక్కువ. నన్ను కాపాడింది ఆ తర్వాత చేసిన పరీక్ష. కుట్లు వేసే ముందు మలద్వారంలో వేలు పెట్టి చూశారు, అప్పుడే కనిపెట్టి థియేటర్‌కు తీసుకెళ్లి కండరాన్ని విడిగా కుట్టారు. ఆ తర్వాత ఫిజియోథెరపీ. ఇప్పుడు బాగున్నాను.

వరంగల్ అక్క:
అందరికీ థాంక్స్. డాక్టర్ గారూ, కోత వల్ల లాభం ఉందని ఒప్పుకుంటాను. కానీ నొప్పులతో అల్లాడుతున్న మనిషి అనుమతి ఎలా ఇస్తుంది? ఇస్తే మాత్రం దానికి విలువేంటి?

కరీంనగర్ మిడ్‌వైఫ్:
ఎనిమిదో నెల చెకప్‌లోనే మాట్లాడాలి అక్కా. "అవసరమైతే వ్యాక్యూమ్ పెడతాం, తొలి కాన్పు కాబట్టి కోత కూడా పెట్టొచ్చు, ఎందుకంటే ఇది" అని చెప్పి, వద్దంటే కార్డు మీద రాసుకోవాలి. లేబర్ రూములో మళ్లీ ఒక్క వాక్యం, మత్తు ఇంజెక్షన్ ఇచ్చే ముందు. ఎంతోసేపు పట్టదు.

వరంగల్ అక్క:
ఇంకొకటి అడగాలి. చెల్లికి ఇప్పటికీ గ్యాస్ ఆపుకోవడం కావట్లేదు. బాలింతకు మామూలే, ఓర్చుకో అంటున్నారు ఇంట్లో.

లేబర్ రూమ్ డాక్టర్:
ఓర్చుకోమనొద్దు అక్కా. కండరం చిరుగు అప్పుడు కంటపడకపోయి ఉండొచ్చు. ఈ వారమే గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. "మలద్వార కండరం పరీక్ష చేయండి" అని మీరే నోరు తెరిచి అడగండి, చెల్లి సిగ్గుపడితే మీరు చెప్పండి. అవసరమైతే పెద్ద ఆస్పత్రిలో లోపలి అల్ట్రాసౌండ్ తీయిస్తారు. డిశ్చార్జ్ సమ్మరీ వెంట తీసుకెళ్లండి, అందులో వ్యాక్యూమ్ అని, చిరుగు ఎంత అని రాసి ఉందో లేదో ముందు చూడండి.