512 ఎంబీ సర్వర్‌లో ఆప్ట్ అప్‌గ్రేడ్ మధ్యలో "కిల్డ్" అని ఆగిపోతోంది

నీలిమబ్బు (ప్రశ్న)
ఉబుంటు 22.04, ర్యామ్ 512 ఎంబీ, డిస్క్ 10 జీబీ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) లేదు. ఇంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ కోడ్ నడిపేది), మైఎస్‌క్యూఎల్ 8 (డేటాబేస్) నడుస్తున్నాయి. ఉబుంటు ప్యాకేజీ సాధనం ఆప్ట్‌లో అప్‌డేట్ బాగానే అవుతుంది. అప్‌గ్రేడ్ కొడితే ప్యాకేజీలు దిగి అన్‌ప్యాక్ అవుతాయి, "సెట్టింగ్ అప్" దగ్గర కాసేపు బిగుసుకుపోయి "కిల్డ్" అంటుంది. మళ్లీ కొడితే "డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్". ఒక్కోసారి లాక్ దొరకలేదనీ అంటుంది. లాక్ ఫైళ్లు తీసెయ్యమని చాలామంది చెబుతున్నారు, తీసెయ్యొచ్చా? సైట్ లైవ్‌లో ఉందండీ.

తెరవెనుక
లాక్ ఫైల్ జోలికి మాత్రం పోకండి. ఫైల్ అక్కడ ఉన్నంత మాత్రాన లాక్ పడినట్టు కాదు. దాని మీద ప్రాసెస్ పట్టిన లాక్‌ను కెర్నెల్ చూసుకుంటుంది, ఆ ప్రాసెస్ చస్తే అదే వదిలేస్తుంది. లాక్ దొరకలేదంటే ఎవరో బతికే ఉండి పట్టుకున్నారని అర్థం. ఎక్కువసార్లు అది వెనకాల తనంతట తానే అప్‌డేట్లు ఎక్కించే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్. ఫైల్ తీసేస్తే రెండు డీపీకేజీలు (ఆప్ట్ కింద ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్ ఇదే) ఒకే ప్యాకేజీ డేటాబేస్ మీద రాస్తాయి, అది పాడైతే మీకు మిగిలేది రీఇన్‌స్టాలే. పట్టుకున్నదెవరో "సుడో ఎల్‌సాఫ్ /వర్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్" చెబుతుంది. దాని పని అయ్యేదాకా ఆగండి.

ఇక అసలు జబ్బు. "సుడో జర్నల్‌సీటీఎల్ -కె" కొట్టి "అవుట్ ఆఫ్ మెమరీ" అన్న లైన్ వెతకండి. చంపిన ప్రాసెస్ పేరు అందులోనే ఉంటుంది. ర్యామ్ అయిపోతే కెర్నెల్ సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ మింగినదాన్ని చంపుతుంది. కాబట్టి ఒకసారి ఆప్ట్ పోవచ్చు, ఇంకోసారి మైఎస్‌క్యూఎల్ పోవచ్చు.

మందు స్వాప్. 1 జీబీ చాలు:
సుడో ఫాలొకేట్ -ఎల్ 1జి /స్వాప్‌ఫైల్
సుడో సీహెచ్‌మోడ్ 600 /స్వాప్‌ఫైల్
సుడో ఎంకేస్వాప్ /స్వాప్‌ఫైల్
సుడో స్వాప్ఆన్ /స్వాప్‌ఫైల్

రీబూట్ తర్వాతా నిలవాలంటే /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ చివర "/స్వాప్‌ఫైల్ నన్ స్వాప్ ఎస్‌డబ్ల్యూ 0 0" చేర్చండి. స్వాప్ఆన్ గనక ఫైల్‌లో "హోల్స్" ఉన్నాయని మొరాయిస్తే ఆ ఫైల్‌ను డీడీ కమాండ్‌తో సృష్టించండి, కానీ బ్లాక్ సైజు 1 ఎంబీ, కౌంట్ 1024 ఇవ్వండి. బ్లాక్ 1 జీబీ ఇచ్చారంటే డీడీ అంత బఫర్‌నూ మెమరీలోనే అడుగుతుంది, మీ దగ్గర లేనిదే అది.

తర్వాత టీమక్స్ తెరిచి (ఎస్ఎస్‌హెచ్ తెగినా పని ఆగదు) పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంను ఆపి, "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ", దాని తర్వాత "సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్", ఆఖరున అప్‌గ్రేడ్. ఈ వరస తప్పొద్దు. ఆ కాసేపూ సైట్ ఆగుతుంది, జనం తక్కువగా ఉండే వేళ చూసుకోండి.

మూడోకన్ను
పై జవాబుకి ఒక మాట కలుపుతాను. అప్‌గ్రేడ్ జాబితాలో మైఎస్‌క్యూఎల్-సర్వర్ ఉంటే ముందే ఆ సర్వీస్ ఆపినా లాభం లేదు. ప్యాకేజీ పోస్ట్-ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్ సర్వర్‌ను తానే లేపుతుంది. అది చస్తే వచ్చేది "కిల్డ్" కాదు, "సబ్‌ప్రాసెస్ రిటర్న్డ్ ఎర్రర్ ఎగ్జిట్ స్టేటస్ 1". చాలామంది దాన్ని ప్యాకేజీ లోపం అనుకుని రిపాజిటరీలు మార్చేస్తుంటారు. మైఎస్‌క్యూఎల్ 8లో పెర్ఫార్మెన్స్ స్కీమా (సర్వర్ పనితీరు లెక్కలు సేకరించేది) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, ఇంత చిన్న సర్వర్‌కి అది బరువే. మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లోని ఎంవైఎస్‌క్యూఎల్‌డీ సెక్షన్‌లో దాన్ని ఆఫ్ చేసి, ఇన్నోడీబీ బఫర్ పూల్‌ను (డేటాను ర్యామ్‌లో దాచుకునే చోటు) 128 నుంచి 64 ఎంబీకి దించండి.

కెర్నెల్ ప్యాకేజీ దగ్గర "అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్" (బూట్‌కి కావలసిన కంప్రెస్డ్ ఫైల్‌ను తయారుచేసేది) లైన్ మీద చచ్చిపోతుంటే తప్పు కంప్రెషన్‌ది. /ఈటీసీ/ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్.కాన్ఫ్‌లో కంప్రెస్ విలువ జీజిప్ చేస్తే మెమరీ తక్కువ అడుగుతుంది. ఫైల్ కాస్త పెద్దదవుతుంది, కాబట్టి /బూట్‌లో చోటు చూసుకోండి.

నీలిమబ్బు
జర్నల్‌లో ఎంవైఎస్‌క్యూఎల్‌డీ (మైఎస్‌క్యూఎల్ సర్వర్) పేరే ఉంది, ఒకచోట ఆప్ట్ కూడా. డిస్క్‌లో 1.4 జీబీ మాత్రమే ఖాళీ. 1 జీబీ స్వాప్‌కి ఇచ్చేస్తే అప్‌గ్రేడ్‌కి చోటు సరిపోతుందా?

తెరవెనుక
సరిపోదనే అనుకోండి. ముందు "సుడో ఆప్ట్ క్లీన్", ఆపైన "సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=50ఎం". పాత కెర్నెళ్లను తీసే ఆటోరిమూవ్ డీపీకేజీ సర్దుకున్నాకే. అప్పటికీ ఇరుకైతే స్వాప్ 512 ఎంబీ పెట్టి, "ఆప్ట్ ఇన్‌స్టాల్ --ఓన్లీ-అప్‌గ్రేడ్"తో ప్యాకేజీలు కొన్ని కొన్నిగా ఎక్కించండి.

గట్టుమీద
రాకీ, ఆల్మా లినక్స్‌లు వాడేవాళ్ల కోసం: అక్కడ ఆప్ట్ బదులు ఉండే డీఎన్ఎఫ్ ఒక్క ప్యాకేజీ కూడా దించకముందే, మెటాడేటా చదివేటప్పుడే చస్తుంది. స్వాప్ పెట్టేలోగా అప్‌డేట్ కావాలంటే ఈపెల్ (అదనపు ప్యాకేజీలది) లాంటి పెద్ద రిపాజిటరీని --డిసేబుల్‌రెపోతో ఆ ఒక్కసారికి పక్కన పెట్టండి. డీఎన్ఎఫ్-మేక్‌క్యాష్ టైమర్‌నూ ఆపండి, అది మీకు తెలియకుండా వెనక నడుస్తుంటుంది.

స్వాప్ఆన్‌కి "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" వస్తే "సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్" కొట్టి చూడండి. ఓపెన్‌వీజెడ్ అనో ఎల్‌ఎక్స్‌సీ అనో వస్తే అది కంటెయినర్ (హోస్ట్ కెర్నెల్‌నే పంచుకునే సర్వర్), లోపలి నుంచి స్వాప్ పెట్టలేరు. సర్వీసులు ఆపి చిన్న చిన్న విడతలుగా చెయ్యడమో, ప్లాన్ పెంచుకోవడమో, అంతే.

నీలిమబ్బు
క్లీన్, వాక్యూమ్ అయ్యాక 2.1 జీబీ ఖాళీ వచ్చింది. 1 జీబీ స్వాప్ పెట్టి, పెర్ఫార్మెన్స్ స్కీమా ఆపి, చెప్పిన వరసలోనే చేశాను. అప్‌గ్రేడ్ పూర్తయింది. "డీపీకేజీ --ఆడిట్" ఏమీ చూపించలేదు. /వర్/రన్/రీబూట్-రిక్వయర్డ్ ఉంది, రాత్రికి రీబూట్ చేస్తాను. ధన్యవాదాలండీ.