కర్ణాటక కారుకు తెలంగాణ నంబరు: ఆర్టీఏకు వెళ్లే ముందు ఏ పనులు పూర్తి చేయాలి?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా మేము బెంగళూరు నుంచి హైదరాబాదుకు వచ్చి స్థిరపడ్డాము. 2019లో అక్కడ రిజిస్ట్రేషన్ చేయించిన కారును వెంట తెచ్చుకున్నాము. రుణం పూర్తిగా తీరిపోయినా ఆర్సీలో ఇంకా బ్యాంకు పేరే ఉంది. ఇక్కడి నంబరు కోసం నేరుగా ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లవచ్చా? నా డ్రైవింగ్ లైసెన్సు కూడా కర్ణాటకదే. దానినీ మార్చుకోవాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ముందు బెంగళూరు పని ముగించుకోండి. కారు మొదట రిజిస్టరైన కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోనిదే ఇక్కడ మీ పని ముందుకు సాగదు. ఆర్సీలో బ్యాంకు పేరు ఉన్నంతకాలం ఆ ఎన్‌ఓసీకి కూడా బ్యాంకు అంగీకారం కావాలి కాబట్టి, అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చే లేఖను, వారు సంతకం చేసిన ఫారం 35ను జతపరిచి, మొదట ఆ పేరును తొలగింపజేసుకోవడం మేలు. ఆ లేఖకు సాధారణంగా గడువు ఉంటుంది. చేతికి రాగానే దరఖాస్తు చేయండి. తరువాత ఫారం 28తో ఎన్‌ఓసీ అడగండి. అంతకుముందే పాత చలాన్లన్నీ కట్టేయండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవలసిందే. అందువల్ల దీనిని వాయిదా వేయకండి.

రెండవ సమాధానం:
ఇక్కడి సంగతి నేను చెబుతాను. ఫారం 27, ఎన్‌ఓసీ, అసలు ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, హైదరాబాదు చిరునామా రుజువు సిద్ధం చేసుకుని, స్లాటు తీసుకుని, కారుతో సహా వెళ్లండి. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకునే పద్ధతి ఉంది. ఆ చోట మట్టి, జిడ్డు పేరుకుపోతే అంకెలు సరిగా పడవు కనుక, ముందురోజే గుడ్డతో శుభ్రంగా తుడిచి ఉంచండి. కారు వయసును బట్టి లెక్కగట్టిన లైఫ్ ట్యాక్సును (వాహనానికి ఒకేసారి కట్టే పన్నును) తెలంగాణకు చెల్లించాలి. ఇదే పెద్ద ఖర్చు. అయితే కర్ణాటకలో మీరు కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి చెందిన భాగాన్ని వాపసు కోరే హక్కు మీకుంది. చాలామంది ఈ సొమ్మును అడగకుండానే వదిలేస్తున్నారు, అది న్యాయంగా మీకు రావలసిన డబ్బు. పాత ఆర్సీని అప్పగించే ముందు దాని నకలును, పన్ను రసీదులను, ఎన్‌ఓసీ ప్రతిని తప్పక దాచుకోండి. టీజీతో మొదలయ్యే కొత్త ఆర్సీ వచ్చాక వాటితో అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. కాగితాలు సక్రమంగా ఉంటే ఏజెంటు అవసరం లేదు.

మూడవ సమాధానం:
లైసెన్సు గురించి బెంగ పడకండి. ఏ రాష్ట్రంలో ఇచ్చినదైనా దేశమంతటా చెల్లుతుంది. చిరునామా మార్పును, రెన్యువల్‌ను హైదరాబాదులోనే చేయించుకోవచ్చు. మీకు నలభై ఏళ్లు దాటితే రెన్యువల్‌కు వైద్యుడు సంతకం చేసిన ఫారం 1ఏ కావాలి. మరొక మాట: కొత్త నంబరు రాగానే బీమా సంస్థకు తెలియజేసి పాలసీలో మార్పు చేయించండి, లేకపోతే క్లెయిము సమయంలో చిక్కులు వస్తాయి. ఫాస్టాగ్ కూడా పాత నంబరుతోనే ముడిపడి ఉంటుంది కాబట్టి, దానిని జారీ చేసిన బ్యాంకుకు కొత్త ఆర్సీని పంపండి.