రికార్డు చివరి పాటల్లో ‘స’, ‘ష’ గుచ్చుకుంటున్నాయి. కార్ట్రిడ్జ్ (సూది అమర్చిన చిన్న భాగం) ఎలా సర్దాలి?

కాకినాడ_శ్రోత:
నాది టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 రికార్డ్ ప్లేయర్. కార్ట్రిడ్జ్ ఆడియో-టెక్నికా వీఎం95ఇ, సూది రికార్డు మీద మోపే బరువు డిజిటల్ కాటాలో 2 గ్రాములు. సుశీల గారి స్టీరియో ఎల్పీ పెడితే మొదటి పాట హాయిగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ ‘స’, ‘ష’, ‘చ’ వచ్చిన ప్రతిచోటా చెవిలో గుచ్చినట్టుంటోంది, కుడి స్పీకర్‌లో ఇంకాస్త ఎక్కువ. ట్రెబుల్ తగ్గిస్తే పాటంతా మొద్దుబారిపోతోంది. ముందు ఏది కదపాలి?

పాత_సూది:
ముందు సూదిని వెనక నుంచి ముందుకి బ్రష్‌తో శుభ్రం చేయండి. తర్వాత కొత్త రికార్డు ఒకటి పెట్టి వినండి. అది బాగుంటే మీ ఎల్పీ గాడే అరిగింది. బరువైన పాత ప్లేయర్ల కింద నలిగిన గాడిని ఏ సెట్టింగూ బాగుచేయలేదు.

విజయవాడ_వినైల్:
ట్రెబుల్ జోలికి పోకండి. సుశీల గారు ‘స’ పలికే తీరు వినడానికే నేను ఎల్పీలు కొంటాను, దాన్ని మూసేస్తే ఇంకేం మిగులుతుంది?

మొదటి పాట బాగుండి చివరిది పాడైతే నా అనుమానం అలైన్‌మెంట్ మీదే, అంటే గాడిలో సూది నిలిచే కోణం మీదే. పళ్లెం తిరిగే వేగం ఒకటే అయినా, సూది కింద గాడి అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెం.మీ. పరుగెడితే, చివర్లో 21 సెం.మీ. మాత్రమే వెళుతుంది. అదే ‘స’ సగంకన్నా తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. అక్కడ సూది కాస్త వంకరగా ఉన్నా దొరికిపోతుంది.

బేర్‌వాల్డ్ ప్రొట్రాక్టర్ (సూది కోణం సరిచూసే గీతల కాగితం) ప్రింట్ తీసుకోండి. సైజు సరిగ్గా వచ్చిందో లేదో స్కేలుతో కొలవండి, చాలామంది ఇది వదిలేస్తారు. మధ్య నుంచి 66 మి.మీ., 120.9 మి.మీ. దగ్గరున్న రెండు బిందువుల్లోనూ సూది పట్టుకున్న సన్నటి కడ్డీ గీతలకు సమాంతరంగా ఉండాలి. కార్ట్రిడ్జ్ బాడీని కాదు, ఆ కడ్డీనే చూడండి. హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ని బిగించే తల భాగం) మరలు బిగించాక బరువు మళ్లీ చూసుకోవాలి. మీ కార్ట్రిడ్జ్‌కి 1.8 నుంచి 2.2 గ్రాముల దాకా పెట్టొచ్చు కాబట్టి 2.1 పెట్టి వినండి. తేలిక చేస్తే రికార్డుకి మంచిదనుకోవద్దు, పట్టు తప్పి ఎగిరే సూదే గాడిని ఎక్కువ గీస్తుంది.

కుడివైపు ఎక్కువ అన్నారు కదా, అది యాంటీ స్కేట్ (సూది చేయి మధ్యకి లాగకుండా ఆపే సర్దుబాటు) చాలకపోతే వచ్చే లక్షణం. కొంచెం పెంచండి.

కాకినాడ_శ్రోత:
కడ్డీ నిజంగానే పక్కకి తిరిగి ఉంది. సరిచేసి 2.1 గ్రాములు, యాంటీ స్కేట్ 2.5 పెట్టాను. కొత్త రికార్డుల్లో గుచ్చుకోవడం పోయింది. సుశీల గారి ఎల్పీలో చాలా తగ్గింది, చివరి చరణంలో మాత్రం ఇంకా కొద్దిగా ఉంది.

విజయవాడ_వినైల్:
ఆ కొద్దిపాటిది అరుగుదల కావచ్చు. మీ ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు మొన) సూది అరిగాక అదే బాడీకి వీఎం95 ఎంఎల్ (మైక్రోలైన్) సూది తగిలించండి. మైక్రోలైన్ మొన సన్నం, అరగని గోడ భాగాన్ని తాకే అవకాశం ఉంది. ఫోనో ప్రీఆంప్ (కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ని పెంచే పెట్టె), కేబుల్ కలిపి కెపాసిటెన్స్ (విద్యుత్ నిలుపుకునే గుణం) 200 పికోఫారడ్స్ దాటకుండా కూడా చూసుకోండి.