పచ్చ అంటే 32ఆ, 33ఆ?

సిల్క్‌బోర్డు బాధితుడు:
ఒక సామెత సగమే గుర్తొచ్చి రెండు రోజులుగా సతాయిస్తోంది. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా... "కనిపిస్తుంది" అంటారా, "తోస్తుంది" అంటారా? మా అమ్మమ్మ ఇంకేదో అనేది.

ఎందుకు గుర్తొచ్చిందంటే, బెంగళూరులో మా టీమ్‌లో నలుగురం తెలుగువాళ్లం. లైనక్స్ టెర్మినల్‌లో ఫైళ్ల జాబితా కోసం ఎల్ఎస్ కొడితే వచ్చే రంగులు నచ్చక, ఆ రంగుల నంబర్లుండే డిర్‌కలర్స్ ఫైలు తీసి మార్చుకున్నాను, పక్కన తెలుగులో కామెంట్లు కూడా రాసుకున్నాను. రన్ అయ్యే ఫైళ్లకి 01;32 (01 అంటే బోల్డ్, 32 అంటే ఆకుపచ్చ), పక్కన "పచ్చ". ఆ ఫైలు కాపీ చేసుకున్న కడప కుర్రాడు, నేనే నంబర్ తప్పు కొట్టాననుకుని 33, అంటే పసుపు, చేసేశాడు. ఇదేంట్రా అంటే, "పచ్చ అంటే పసుపే కదన్నా, కామెర్లు ఏ రంగులో ఉంటాయి?" అన్నాడు. నోట మాట రాలేదు.

గడ్డిపరక:
పచ్చ అంటే ఆకుపచ్చే. పచ్చగడ్డి, పచ్చతోరణం, పచ్చబొట్టు. పసుపెక్కడుంది వీటిలో?

హోసూరు రోడ్డు:
మరి "పిల్ల పచ్చగా ఉంది" అంటే? చేలో మొలిచిందనా?

పాత నిఘంటువు:
ఇద్దరూ ఒకే చెట్టు కొమ్మలు పట్టుకుని కొట్టుకుంటున్నారు. పసరు, పసిరిక ఇటు. పసుపు, పసిడి అటు. తమిళులు పచ్చై అంటే ఆకుపచ్చకే వాడి, పసుపుకి మంజళ్ అని వేరే మాట పెట్టుకున్నారు. కన్నడంలో ప కాస్తా హ అయి హసిరు. మనమే రెంటినీ ఒక్క మాటలో కుక్కాం. నన్నడిగితే అసలది రంగే కాదు, లేతదనం. పచ్చి, పసి చూడండి.

హోసూరు రోడ్డు:
కామెర్లు లేతగా ఉంటాయా మాస్టారూ? పోనీ, కింద ఆకుపచ్చ, టాపు పసుపు ఉన్న మన ఊరి ఆటో నిలువెల్లా పచ్చే అన్నమాట.

బ్లాక్‌స్క్రీన్:
33 కూడా నికార్సైన పసుపేం కాదు. లైనక్స్ కన్సోల్‌లో ముందు 01 లేకుండా ఇస్తే మట్టిరంగు వస్తుంది. మ్యాక్‌లో నంబర్ల బదులు అక్షరాలు: సి ఆకుపచ్చ, డి మట్టిరంగు. పెద్ద డి పెడితే పసుపులా కనిపిస్తుంది.

మల్లెపొద:
34 గురించి ఎవరూ మాట్లాడరేం? ఫోల్డర్లకు డీఫాల్ట్ 01;34. నల్ల తెర మీద నీలం, కనబడి చావదు. పోతన గోపికలు "నల్లనివాడు, పద్మనయనంబులవాడు" అంటూ మల్లెల్ని అడిగినట్టు, నేను రోజూ ప్రాజెక్టు ఫోల్డర్ కోసం అడుగుతుంటాను.

గడ్డిపరక:
పోతన నల్లన అన్నాడు, నీలం అనలేదు. నీలం పూసింది క్యాలెండర్ల వాళ్లు.

పాత నిఘంటువు:
ప్రాస చూడండి. నాలుగో పాదంలో మల్లియలు రావాలి, కాబట్టి మొదటి పాదానికి ల్ల కావాలి. అందుకే నల్లన.

మల్లెపొద:
ప్రాస కోసం కృష్ణుడి రంగు మార్చుకునే ఖర్మ పోతనకేంటండీ? ఆ పద్యం నల్లనతోనే పుట్టింది. మల్లెలు తర్వాత వాటంతటవే వచ్చాయి. నలుపు పక్కన తెలుపు, అదీ అందం.

బ్లాక్‌స్క్రీన్:
ఎవరైనా రాయగలిగే ఫోల్డర్‌కి డీఫాల్ట్ 34;42, అంటే ఆకుపచ్చ మీద నీలం. అచ్చం పొదలో కృష్ణుడే. నేను ఓడబ్ల్యూ (అలాంటి ఫోల్డర్ల సంకేతం) దగ్గర 01;36, అంటే సయాన్, పెట్టుకుని బతికిపోయాను.

పాత నిఘంటువు:
ప్రాస సంగతికి జవాబు రాలేదు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
నా సామెత సంగతికీ రాలేదండీ. ప్రస్తుతానికి కామెంట్‌లో "ఆకుపచ్చ" అని మార్చాను. కడప కుర్రాడు చూసి, "ఏ ఆకన్నా, పండుటాకా?" అంటున్నాడు.