జే-10సీ, జే-16, జే-20 రాడార్లను కిలోమీటర్లతో పోల్చవచ్చా?

అల్వాల్ అబ్బాయి:
అందరికీ నమస్తే. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌కి చైనా యుద్ధ విమానాల రాడార్లు తీసుకున్నాను. దుండిగల్ ట్రైనర్ విమానాలు చూస్తూ పెరిగాను కాబట్టి ఈ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. సమస్య ఏంటంటే, జే-10సీ రాడార్ ఇంత దూరం చూస్తుంది, జే-20 అంత దూరం చూస్తుంది అని పట్టికలు వేసిన వీడియోలు డజను చూశాను, ఒకరు చెప్పిన దూరానికి ఇంకొకరు దాదాపు రెట్టింపు చెబుతున్నారు. అన్నిట్లోనూ ఉన్నది ఏసా (ప్రతి చిన్న యాంటెన్నాకీ సొంత ట్రాన్స్‌మిటర్ ఉండే రకం) రాడారే అయినప్పుడు తేడా ఎక్కడి నుంచి వస్తోంది? స్లైడ్‌లో ఏ అంకె పెట్టాలి? ఇంకోటి, రాడార్‌కి సులువుగా దొరక్కుండా చేసిన స్టెల్త్ విమానాన్ని ఐఆర్‌ఎస్‌టీ (వేడిని బట్టి వెతికే సెన్సర్) పట్టేస్తుందని మా బావ రెండు రోజులుగా వాదిస్తున్నాడు, నిజమేనా?

యాంటెన్నా ల్యాబ్:
తమ్ముడూ, ముందు ఆ కిలోమీటర్ల పట్టిక తీసెయ్. చైనా ఆ అంకెలు బయటపెట్టలేదు, వీడియోల వాళ్లు ఒకరి దగ్గర ఒకరు ఎత్తుకుంటున్నారు.

అసలు విషయానికి వస్తే, జే-10ఏలో యాంటెన్నా పళ్లెం మోటార్ మీద తిరిగేది. జే-10సీ, జే-16, జే-20లలో పళ్లెం కదలదు. దాని నిండా చిన్న చిన్న టీఆర్ మాడ్యూళ్లు (సిగ్నల్ పంపి, అందుకునే యూనిట్లు) ఉంటాయి, ఒక్కోదాని ఫేజ్, అంటే తరంగం ముందువెనకలు, మారుస్తుంటే బీమ్ తిరుగుతుంది. దీనికి ఉదాహరణ మన దగ్గరే ఉంది, తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్. అక్కడ 1024 యాగీ యాంటెన్నాలు ఉంటాయి. మొదట్లో 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు వాటన్నిటికీ పవర్ పంచేవి, తర్వాత ఒక్కో యాంటెన్నాకి ఒక్కో టీఆర్ మాడ్యూల్ పెట్టారు. పెసా (ఉమ్మడి ట్రాన్స్‌మిటర్ల రకం) నుంచి ఏసాకి మారడం అంటే ఇదే. మన సుఖోయ్-30 ఎంకేఐలో ఉన్న బార్స్ రాడార్ పెసా, రఫేల్‌లో ఉన్నది ఏసా.

గాదంకి పనిచేసేది 53 మెగాహెర్ట్జ్‌లో, వేవ్‌లెంగ్త్ సుమారు 5.66 మీటర్లు, అందుకే 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు స్థలం పట్టింది. ఫైటర్ రాడార్ ఎక్స్ బ్యాండ్, వేవ్‌లెంగ్త్ 3 సెంటీమీటర్ల దగ్గర. సగం వేవ్‌లెంగ్త్ ఎడంతో పేర్చుకుంటూ పోతే అదే 1024 అర మీటరు చదరంలో ఇమిడిపోతాయి. కాబట్టి ఎన్ని మాడ్యూళ్లు పడతాయో చెప్పేది విమానం ముక్కే. జే-16 సుఖోయ్ కుటుంబం, ముక్కు పెద్దది. జే-10సీ ఒంటి ఇంజిన్ విమానం, ముక్కు సన్నం.

ఉదాహరణకి వ్యాసం 25 శాతం పెరిగిందనుకో. విస్తీర్ణం 56 శాతం పెరుగుతుంది. మాడ్యూల్ పవర్ అంతే ఉంచితే పంపే పవర్, గెయిన్ (బీమ్‌ని ఒక వైపుకి కేంద్రీకరించే సామర్థ్యం), అందుకునే విస్తీర్ణం మూడూ అంతే పెరుగుతాయి, రాడార్ సమీకరణంలో నాలుగో మూలం తీస్తే దూరం సుమారు 40 శాతం పెరుగుతుంది. అయితే అంత వేడిని బయటికి లాగే కూలింగ్, అంత కరెంటు ఇచ్చే జెనరేటర్ కూడా ఉండాలి, బయట ఫోటోలు చూసి లెక్కలు కట్టేవాళ్లు మర్చిపోయేది ఇదే.

పాత రాడార్ టెక్నీషియన్:
పై లెక్క కరెక్టే, కానీ సగమే. "ఎంత దూరం చూస్తుంది" అనగానే "దేన్ని" అని అడగాలి బాబూ. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నాను, ఈ ప్రశ్న అడగకుండా చెప్పిన ఏ దూరాన్నీ నేను లెక్కలోకి తీసుకోను. 5 చదరపు మీటర్ల ఆర్‌సీఎస్ (రాడార్‌కి ఎంత పెద్దగా కనబడుతుందో చెప్పే కొలత) ఉన్న లక్ష్యం 200 కిలోమీటర్లలో కనబడే రాడార్‌కి, 0.05 ఉన్నది ఎక్కడ కనబడుతుందో నువ్వే కట్టు.

ఇక రాడార్ వెలిగించడమంటే చీకట్లో టార్చ్ వెయ్యడమే, అవతలి విమానంలోని వార్నింగ్ రిసీవర్‌కి తెలిసిపోతుంది. ఎందుకంటే వాళ్లకి సిగ్నల్ ఒకవైపే వెళ్తుంది, మనకి వెళ్లి తిరిగి రావాలి. ఏసా గొప్పదనం దూరంలో కన్నా ఇక్కడే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. బీమ్‌ని క్షణంలో మార్చగలదు, ఫ్రీక్వెన్సీ దూకించగలదు, పవర్ తగ్గించి, చాలా ఫ్రీక్వెన్సీల మీద పలచగా పరిచి పంపగలదు, దాంతో రిసీవర్‌కి పసిగట్టడం కష్టమవుతుంది. నాలుగు మాడ్యూళ్లు పోయినా పని ఆగదు, పాత రకంలో ట్రాన్స్‌మిటర్ పోతే అంతా చీకటే.

మేడ్చల్ రోడ్డు:
నేను ఐఆర్‌ఎస్‌టీ గురించి చెప్తాను. అది ఏమీ పంపదు, వేడిని మాత్రమే చూస్తుంది, అందుకే అవతలివాళ్లకి తెలియదు. జే-16, జే-10సీలలో కాక్‌పిట్ అద్దం ముందు గుండ్రంగా కనబడేది అదే. జే-20లో దాన్ని ముక్కు కింద అద్దాల గూటిలో పెట్టారు, గుండ్రటి బంతి బయటికి పొడుచుకొస్తే స్టెల్త్ ఆకారం పాడవుతుంది కదా. మీ బావగారు చెప్పింది కొంతవరకే నిజం. స్టెల్త్ విమానానికీ ఇంజిన్ వేడి ఉంటుంది, గాలి రాపిడికి విమానం పైపొర వేడెక్కుతుంది. కానీ మబ్బు అడ్డం వస్తే చాలా తగ్గిపోతుంది, పైగా దిక్కు చెప్పినంత సులువుగా దూరం చెప్పలేదు. జూలైలో మన ఊరి మీద కమ్మే మబ్బులే తలుచుకోండి, వాటిలోంచి ఏం కనబడుతుంది?

ఇంకో మాట, ఒక్క విమానం ముక్కు మీదే చర్చ జరుగుతోంది. చైనా దగ్గర కేజే-500 లాంటి పెద్ద రాడార్ విమానం వెనక నుంచి చూసి డేటాలింక్‌లో (విమానాల మధ్య సమాచారం పంపే రేడియో లింకులో) చెబుతుంటే, ముందున్న ఫైటర్ తన రాడార్ ఆపేసి వెళ్లొచ్చు. 2025 మేలో పంజాబ్‌లోని హోషియార్‌పూర్ దగ్గర చైనా క్షిపణి పీఎల్-15 ముక్కలు దొరికాయి గుర్తుందా, 2021 జుహాయ్ ప్రదర్శనలో ఆ క్షిపణి ఎగుమతి రకానికి 145 కిలోమీటర్లు అని రాశారు. అంత దూరం కొట్టే ఆయుధానికి దారిలో సమాచారం అందిస్తూ ఉండాలి. కాబట్టి నా దృష్టిలో లింకే ముఖ్యం, ముక్కు సైజు రెండోది.

యాంటెన్నా ల్యాబ్:
ఇక్కడ నేను ఒప్పుకోను అన్నా. లింకుని జామ్ చేస్తే? అప్పుడు సొంత పవరే దిక్కు. జామర్‌ని దాటుకుని చూడాలంటే దగ్గరికి వెళ్లాలి, లేదా పెద్ద యాంటెన్నా ఉండాలి. లింకూ, పెద్ద యాంటెన్నా రెండూ కావాలి, అందుకే అందరూ రెండిటి మీదా ఖర్చు పెడుతున్నారు. తమ్ముడూ, స్లైడ్‌లో ఇది కూడా పెట్టు: 2023 ఆగస్టు నుంచి చైనా గాలియం, జెర్మేనియం ఎగుమతుల మీద లైసెన్స్ పెట్టింది. మొదటిది టీఆర్ మాడ్యూళ్లకి, రెండోది ఐఆర్ లెన్సులకి వాడతారు.

అల్వాల్ అబ్బాయి:
చాలా థాంక్స్ అక్కా, సార్, అన్నా. పట్టిక తీసేశాను. ఆర్‌సీఎస్ వందో వంతు అయితే దూరం 3.16తో భాగించాలి, నాకు 63 కిలోమీటర్లు వచ్చింది. సరేనా సార్?

పాత రాడార్ టెక్నీషియన్:
సరిగ్గా కట్టావు. 200 అనేది లెక్క కోసం తీసుకున్న అంకె, ఏ విమానానిదీ కాదు అని అదే స్లైడ్ మీద రాయి. లేకపోతే రేపు దాన్ని కూడా ఎవరో వీడియోలో పెడతారు.