సునామీ వచ్చి పోయాక కూడా జాలర్లు మళ్ళీ అదే ఒడ్డుకి ఎందుకెళ్తారు?

ఇల్లు మొత్తం కొట్టుకుపోయినవాళ్ళు కూడా కొన్నాళ్ళకి మళ్ళీ అక్కడే గుడిసె వేసుకుంటారు కదా, దూరంగా పక్కా ఇల్లు ఇస్తామన్నా వినరు. మొండితనమా ఇది? నిజంగానే అర్థంకాక అడుగుతున్నా.

రిప్లై 1:
మొండితనం కాదండీ. పడవ, వల, ఇంజను అన్నీ ఒడ్డునే ఉంటాయి, తెల్లారుజామున లేచి గాలి ఎటుందో అల ఎలా ఉందో చూసుకునే కదా వేటకెళ్ళేది, మరి నాలుగు కిలోమీటర్ల అవతల ఇల్లిస్తే రోజూ ఆ ఇంజను భుజానేసుకుని నడవాలా? 2004 సునామీ తర్వాత శ్రీలంకలో ఒడ్డు నుంచి కొన్నిచోట్ల 100, కొన్నిచోట్ల 200 మీటర్ల లోపు ఇళ్ళు కట్టొద్దని ప్రభుత్వం రూల్ పెట్టి, తర్వాత తనే సడలించింది.

రిప్లై 2:
అందరూ అలా లేరు బ్రో. జపాన్‌లో అనెయోషి అని చిన్న ఊరు, 1896లో ఒకసారి 1933లో ఇంకోసారి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అప్పుడు కొండ మీదకి మారిపోయి, దీని కింద ఇళ్ళు కట్టొద్దని రాయి చెక్కి పాతారు. 2011లో నీళ్ళు ఆ రాయికి కాస్త కిందే ఆగాయి. కాకపోతే రెండు దెబ్బలు పడ్డాకే ఆ బుద్ధి వచ్చింది, అది వేరే సంగతి.

రిప్లై 3:
ఇళ్ళ గొడవ సరే, బావుల సంగతి ఎవరూ మాట్లాడరేంటి. సునామీకి బావిలోకి ఉప్పునీళ్ళు దిగాయని కంగారుగా మోటారు పెట్టి తోడేస్తే కింద నుంచి ఇంకా సముద్రపు నీరే ఊరుతుంది. వానలు పడి ఉప్పు తగ్గాలంతే, అందాకా ట్యాంకరే గతి.

అడిగినవాడు:
ఇంజను మోసే సంగతి అస్సలు తట్టలేదు నాకు, థాంక్సండీ.