‘ప్రదక్షిణం’, ‘దెషల్’, ‘వలగొను’

‘ప్రదక్షిణం’లోని ‘దక్షిణ’ శబ్దంలో కుడి అనే అర్థమూ దిక్కు అనే అర్థమూ ఎలా కలిశాయని అడిగారు. ఉదయించే సూర్యునికి ఎదురుగా నిలుచున్నవారికి కుడిచేయి దక్షిణానికి ఉంటుందన్నది మనం ఎరిగిన జవాబే. ఇదే జంట అర్థం ఐర్లండ్ భాషలోనూ ఉంది. అక్కడ అది ఊటబావుల చుట్టూ తిరిగేవారి మాట.

ఐరిష్‌లో ‘తొబర్’ అంటే బావి, ఊట కూడా. ఆ దేశంలో సుమారు 3,000 పుణ్యబావులున్నాయని చెబుతారు. వాటిలో చాలావాటికి ఒక్కో సెయింట్ పేరుంది. క్లేర్ కౌంటీలో లిస్కానర్ దగ్గరి బావి బ్రిజిడ్‌ది, ఆమె పండుగ ఫిబ్రవరి 1. కార్క్ కౌంటీలో బల్లీవర్నీ బావి తేనెటీగలకు రక్షకురాలైన గొబ్‌నెట్‌ది, ఆమె పండుగ ఫిబ్రవరి 11. వచ్చినవారు ప్రార్థన చేసుకుంటూ బావి చుట్టూ తిరుగుతారు, కొన్నిచోట్ల చుట్ల లెక్క తప్పకుండా గులకరాళ్లు పెడతారు, నీళ్లు తాగి పక్కనున్న చెట్టుకు గుడ్డపీలిక కడతారు. ఆ నీళ్లు ఎంత కాచినా మరగవనీ, బావిని అపవిత్రం చేస్తే అది అలిగి మరోచోటికి తరలిపోతుందనీ అక్కడివారు కథలు చెప్పుకుంటారు.

ఆ తిరగడం సూర్యుని గతిని అనుసరించి, కుడిచేయి బావి వైపు ఉండేలా సాగాలి. దీనినే ‘దెషల్’ అంటారు. అందులోని పాత ఐరిష్ ‘దెస్’ మన ‘దక్షిణ’కూ లాటిన్ ‘దెక్స్తెర్’కూ జ్ఞాతి; కుడి, దక్షిణం అనే రెండర్థాలూ దానికున్నాయి. నేటి ఐరిష్‌లో దాని రూపానికి ‘చక్కనిది’ అన్న అర్థం కూడా ఉంది, మన ‘దాక్షిణ్యం’ మర్యాదవైపు మళ్లినట్టు. ఎదురు దిశకు చెప్పే ‘తూహల్’ అనే మాటకు పొరపాటు అన్న అర్థమూ ఉంది. కొన్నిచోట్ల శాపం పెట్టాలంటే రాళ్లను అటువైపే తిప్పేవారట. మన అప్రదక్షిణం మాత్రం శాపానికి కాదు, పితృకార్యానికి.

మాటలు జ్ఞాతులైనంత మాత్రాన ఆచారం కూడా ఒకే చోట పుట్టిందనుకోవడం తొందరపాటు. అచ్చతెలుగు ‘వలగొను’, ‘వలవచ్చు’ అన్నా ప్రదక్షిణం చేయడమే. ‘వల’ అంటే కుడి, ‘వలపల’లో ఉన్నదీ అదే. సంస్కృతంతో చుట్టరికం లేని ధాతువు కూడా కుడివైపు నుంచే ఈ అర్థానికి చేరింది. అయితే ‘వల’ మాత్రం దిక్కు పేరు కాలేదు. దక్షిణ దిక్కుకు తెలుగులో ‘తెంకణం’ అనే వేరే మాట ఉంది.